చేతి పనిముట్లతో మొదటి అలమర: చెక్క ఎటు కదులుతుందో చూసి మొదలుపెట్టండి

మేకులు దిగ్గొట్టి పెట్టె నిలబెట్టడం వేరు, చెక్కకు చెక్కతోనే పట్టు ఇచ్చి అలమర చేయడం వేరు. ఈ రెండో పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు చాలామంది ముందు పనిముట్ల జాబితా పట్టుకుంటారు. అంతకన్నా ముందు తెలియాల్సింది చెక్క స్వభావం. ఏ ముక్క ఎటు ఉబ్బుతుందో తెలియకపోతే ఎంత నున్నగా చిత్రిక పట్టినా ఏడాది తిరిగేసరికి పలక నిలువునా బీటలిస్తుంది, లేదా తలుపు చట్రంలో బిగుసుకుపోతుంది.

ఇక్కడ చెప్పేది గోడకు తగిలించే చిన్న అలమర: ఎత్తు 600, వెడల్పు 400, లోతు 180 మి.మీ. మధ్యలో ఒక అర, ముందు ఒక తలుపు. సంప్రదాయ పనిలో తప్పనిసరిగా రావాల్సిన జాయింట్లలో ముఖ్యమైనవన్నీ ఇందులో వస్తాయి. పాడైతే పోయేది నాలుగు చిన్న పలకలే.

చెక్క కదలిక

చెక్క గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, వదిలేసి ముడుచుకుంటుంది. చెట్టు నరికి వందేళ్లయినా ఈ అలవాటు పోదు. అయితే అన్ని దిక్కులా ఒకే తీరుగా కదలదు. పొడవులో కదలిక లెక్కలోకి రానంత తక్కువ. అసలు కదలికంతా వెడల్పులోనే. అందులోనూ వలయాల (చెట్టు ఏటా పెరుగుతూ వేసుకునే గుండ్రటి గీతల) వెంబడి వచ్చే కదలిక, వలయాలకు అడ్డంగా వచ్చేదానికి సుమారు రెట్టింపు. అందుకే వలయాలు పలక కొసలో విల్లులా కనిపించే చెక్క దొప్పలా వంగుతుంది. వలయాలు నిలువు గీతల్లా కనిపించే చెక్క తిన్నగా ఉంటుంది. టేకు స్థిమితమైన చెక్క అని పేరు. అది కూడా పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేలోపు వలయాల వెంబడి దాదాపు 6 శాతం కుదించుకుపోతుంది. 300 మి.మీ. వెడల్పు టేకు పలకలో తేమ 4 శాతం మారిందంటే వెడల్పులో 2 మి.మీ. పైనే తేడా వస్తుంది.

ఇప్పుడు మన అలమర చూడండి. పక్క పలకల్లో పోగు, అంటే చెక్క నార నడిచే దిక్కు, నిలువుగా ఉంటుంది. పై పలక, కింది పలక, అర, ఈ మూడింట్లో అడ్డంగా నడుస్తుంది. వీటన్నిటి వెడల్పూ మాత్రం అలమర లోతు వైపే ఉంది. అంటే ఉబ్బితే అన్నీ కలిసే ఉబ్బుతాయి, ఒకదాన్నొకటి లాగవు. కాబట్టి పెట్టె మొత్తం నిశ్చింతగా జిగురుతో అతికించవచ్చు. తలుపు పలక, వెనక పలకలు మాత్రం ఆ గుంపులో లేవు. వాటిని అతికించకూడదు, కదలడానికి చోటివ్వాలి.

ఏ చెక్క, ఎంత ఆరింది

మొదటిసారికి పోగు తిన్నగా, బుడిపెలు లేకుండా, మధ్యస్థం గట్టిదనం ఉన్న చెక్క తీసుకోండి. మరీ మెత్తటి పైన్ సులువనుకుంటారు కానీ, దాని కొసకోత (పోగుకు అడ్డంగా కోసిన ముఖం) ఉలి కాస్త మొద్దుబారినా నలిగిపోతుంది. టేకు చేతి పనిముట్లకు బాగా లొంగుతుంది. దాంట్లో ఇసుక గుణం ఉండటంతో పదును మాత్రం త్వరగా పోతుంది. పైగా సహజమైన నూనె ఉంటుంది గనుక జాయింటు ముఖాలను తాజాగా చిత్రిక పట్టి, వెంటనే జిగురు పూయాలి. చేవ ఉన్న భాగాన్నే వాడండి. అంచున ఉండే తెల్లచెక్కకు పురుగు త్వరగా పడుతుంది.

ఇంట్లో ఉండే సామానుకు చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. గాలికి ఆరబెట్టే చెక్కకు అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. తేమ మీటరు లేకపోతే, పని చేసే గదిలోనే పలకల మధ్య సన్న బద్దలు పెట్టి రెండు మూడు వారాలు ఉంచండి. ముక్కలను కావాల్సిన కొలతకన్నా 3 మి.మీ. మందంగా కోసి, వారం ఆగి, అప్పుడు అసలు మందానికి తీయండి. కోయగానే లోపలి బిగువు వదిలి చెక్క మెలిపడుతుంది. ఆ మెలి ఏదో జాయింటు కోయకముందే పడిపోతే మంచిది.

పనిముట్లు, కావాల్సినంతే

350 మి.మీ. పొడవున్న చిత్రిక ఒకటి. ఉలులు 6, 12, 25 మి.మీ. చెక్కలో బెజ్జం కొట్టడానికి 6 మి.మీ. బెజ్జపు ఉలి. వీపున ఇనప పట్టీ ఉన్న చిన్న రంపం, అంగుళానికి 14 పళ్ళు, నిలువుకోతకు (పోగు వెంబడి కోయడానికి) పళ్ళు పదును పెట్టినది. అడ్డకోతకు (పోగుకు అడ్డంగా) మరొకటి. వంపులు తిరిగే సన్నబ్లేడు రంపం. మూలమట్టం, మార్కింగ్ గేజ్ (అంచుకు సమాంతరంగా గీత గీసేది) రెండు, గీత గీసే కత్తి, వాలు కొలిచే బెవెల్, కొయ్య సుత్తి, క్లాంపులు నాలుగు. గాడి తీయడానికి 6 మి.మీ. గాడి చిత్రిక. సానరాళ్ళు 1000, 6000 నంబర్లవి.

బల్ల ఖరీదైనది కానక్కర్లేదు, ఊగకూడదు. ఊగే బల్ల మీద చిత్రిక పడితే మీ బలంలో సగం బల్లకే పోతుంది. నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎత్తుకు బల్ల వస్తే సరిపోతుంది.

పదును

చిత్రికను, రంపాన్ని, చెక్కను తిట్టుకునే కొత్తవాళ్ళలో ఎక్కువమందికి అసలు ఇబ్బంది పదునుతోనే. కొత్త ఉలి పదునుగా రాదు. ముందు దాని వీపు, అంటే చదునుగా ఉండే వైపు, మొనకు దగ్గర 15 మి.మీ. మేర అద్దంలా అయ్యేదాకా రాయి మీద రుద్దాలి. పదునంటే రెండు నున్నటి ముఖాలు కలిసే గీతే కదా! ఒక ముఖం గరుకుగా ఉంటే రెండోదాన్ని ఎంత సానపట్టినా ప్రయోజనం లేదు. ఈ వీపు పని ఒక్కసారే, ఓపిగ్గా చేయండి.

వాలు ముఖం 25 డిగ్రీలకు ఉంటుంది. మొన దగ్గర మాత్రం 30 డిగ్రీలకు లేపి 1000 రాయి మీద లాగండి. వీపు మీద వేలు అడ్డంగా జరిపితే (మొన వెంబడి కాదు సుమా) సన్నటి ఇనప పొర తగలాలి. ఆ పొర మొన మొత్తం మీద, ఈ మూల నుంచి ఆ మూల దాకా తగిలేవరకు తర్వాతి రాయికి పోవద్దు. కొత్తవాళ్ళు తప్పేది ఇక్కడే. మధ్యలో పొర వచ్చి మూలల్లో రాకముందే 6000 రాయికి మారతారు. ఆ మూలలు ఎప్పటికీ మొద్దుగానే ఉండిపోతాయి. 6000 మీద వాలు ముఖం పది లాగులు, వీపు ఐదు లాగులు, చివర తోలు మీద నాలుగు. పరీక్షకు పైన్ చెక్క కొసను చేత్తో నొక్కి చెక్కండి. కోసిన చోటు మెరిస్తే పదును ఉన్నట్టు, తెల్లగా పొడిపొడిగా లేస్తే లేనట్టు. వాడేకొద్దీ రాయి మధ్యలో గుంట పడుతుంది. దాన్ని అప్పుడప్పుడు చదును చేయకపోతే మొనలన్నీ గుండ్రబడిపోతాయి.

పలకను సరిచేయడం

ముందు ఒక ముఖం. పలక రెండు కొసల మీద అడ్డంగా రెండు తిన్నటి బద్దలు పెట్టి, కన్ను వాటి ఎత్తుకు తెచ్చి చూడండి. రెండు బద్దల పై అంచులూ సమాంతరంగా లేకపోతే పలకలో మెలి ఉన్నట్టు. ఎత్తుగా ఉన్న మూలల్ని ఐమూలగా చిత్రిక పట్టి దించి, తర్వాత పొడవునా పట్టండి. ఆ ముఖానికి పెన్సిల్‌తో ఒక మెలిక గుర్తు పెట్టండి. తర్వాత ఒక అంచును ఆ ముఖానికి మూలమట్టం చేసి, దానికీ గుర్తు పెట్టండి. ఇకపై ఏ గీత గీసినా గేజ్, మూలమట్టం ఈ గుర్తులున్న వైపులకే ఆనించాలి. ఒక గీతకు ఒక వైపు, మరో గీతకు మరో వైపు ఆనిస్తే చిన్న చిన్న తేడాలన్నీ కూడి జాయింటులో సందుగా బయటపడతాయి.

చిత్రిక పడుతుంటే పెచ్చులు లేస్తున్నాయంటే పోగుకు ఎదురు పడుతున్నారన్నమాట. పలకను తిప్పి పట్టండి. అయినా లేస్తే చిత్రిక నోట్లో బ్లేడు మీదుండే రేకును మొనకు అర మి.మీ. దగ్గరకు జరిపి, పొట్టు పల్చగా వచ్చేలా దించండి.

పెట్టె ముక్కలన్నీ 18 మి.మీ. మందానికి తీయండి. పక్కలు రెండు 600 × 180. పై, కింది పలకలు 400 × 180. అర 376 × 155. అర ఎందుకంతంటే, లోపలి వెడల్పు 364, అటు 6 ఇటు 6 గాడిలోకి పోతుంది. ముందు తలుపు కూర్చోవడానికి 25 మి.మీ. వదిలాం. తలుపు ముక్కలు ఇప్పుడే కోయవద్దు. పెట్టె అతికాక, నిజంగా వచ్చిన కొలతను బట్టి కోయాలి.

డవ్‌టెయిల్

కొస వైపు విచ్చుకున్న తోకలు ఒక పలకకు, వాటి మధ్య దూరే పిన్నులు ఇంకో పలకకు ఉంటాయి. ఏ పలకకు తోకలు అన్నది అందం కోసం తేల్చేది కాదు. తోకల పలకను దాని పొడవు దిక్కున లాగితే జాయింటు ఊడదు. అడ్డంగా లాగితే వచ్చేస్తుంది. ఈ అలమర గోడకు వేలాడుతుంది, బరువు కింది పలకను కిందికి తోస్తుంది. కాబట్టి తోకలు పక్క పలకలకే ఉండాలి. అప్పుడు జిగురు వదిలినా కింది పలక జారి పడదు. పొరపాటున తోకలు కింది పలకకు పెట్టారా, బరువంతా జిగురు మీదే!

గేజ్‌ను పలక మందానికి పెట్టి పక్క పలకల కొసల చుట్టూ తేలిగ్గా ఆధార గీత గీయండి. తర్వాత తోకలు. 180 మి.మీ. వెడల్పుకు నాలుగు తోకలు చాలు. కొస అంచున రెండు చివర్లా 8 మి.మీ. చొప్పున, తోకల మధ్య మూడు సందులూ 8 చొప్పున వదిలితే ఒక్కో తోక 35 వస్తుంది. సందు 8 ఎందుకంటే మీ దగ్గరున్న 6 మి.మీ. ఉలి అందులో దూరాలి. వాలు గట్టి చెక్కకు 8కి 1 (8 మి.మీ. పొడవుకు 1 మి.మీ. పక్కకు), మెత్తదానికి 6కి 1. ఇంతకన్నా ఎక్కువ వాలిస్తే తోక మూలలు పొడవైన పోగు ఆసరా లేక విరిగిపోతాయి.

రెండు పక్క పలకల్నీ జతగా వైస్‌లో (బల్లకు ఉండే బిగింపు పట్టులో) బిగించి ఒకేసారి కోయండి. తోక కోత వాలు కొద్దిగా అటూ ఇటూ అయినా ఫరవాలేదు, పిన్నులు దాన్ని చూసే గీస్తాం. కోత పలక ముఖానికి సరిగ్గా మూలమట్టంగా ఉండటం మాత్రం తప్పనిసరి. మధ్య ముక్కను సన్నబ్లేడు రంపంతో గీతకు 1 మి.మీ. పైన కోసేసి, మిగిలింది ఉలితో తీయండి. ఉలిని ఒకేసారి గీత మీద పెట్టి కొట్టవద్దు. ఉలి వాలు ముఖం ముందున్న చెక్కను తోస్తే, ఉలి వెనక్కి జరిగి గీత దాటుతుంది. పల్చటి పొరలుగా తీసుకొచ్చి, చివరి పొరకే గీత మీద పెట్టండి. సగం లోతు ఒక వైపు నుంచి, పలక తిప్పి మిగతా సగం. ఒకే వైపు నుంచి దించితే అవతలి ముఖం పెచ్చులూడుతుంది.

ఇప్పుడు పై పలకను వైస్‌లో నిలువుగా పెట్టి, దాని కొస మీద తోకల పలక ఉంచి, కత్తితో తోకల అంచు వెంబడి గీయండి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, ఈ పనికి అది పనికిరాదు. రంపం పెట్టేటప్పుడు కత్తి గీత పిన్ను వైపు మిగలాలి, కోత పారేసే వైపు పడాలి. పారేసే భాగాల మీద ముందే అడ్డగీతలు కొట్టుకోండి. తప్పు వైపు కోయడం అందరికీ ఒకసారి జరుగుతుంది. ఏ మూలకు ఏ మూలో అంకె వేసుకోవడమూ మరవకండి.

జత చేసి చూసేటప్పుడు పూర్తిగా దిగ్గొట్టవద్దు. మూడో వంతు దింపి, తీసి చూడండి. ఒరుసుకున్న చోట చెక్క మెరుస్తూ ఉంటుంది, అక్కడే పల్చగా చెక్కండి. బిగుతుగా ఉన్నదాన్ని సుత్తితో కొడితే చివరి తోక దగ్గర పలక పోగు వెంబడి చీలుతుంది.

అర, అతుకు

పక్క పలకల లోపలి ముఖం మీద అర గాడి 6 మి.మీ. లోతు. వెడల్పు కొలతతో కాదు, అర చెక్కనే నిలబెట్టి కత్తితో గీయండి. ముందు అంచుకు 25 మి.మీ. దూరంలో గాడి ఆగాలి. ఆ ఆగే చోట ముందు ఉలితో చిన్న గుంట తవ్వితే రంపం మొనకు ఆడే చోటు దొరుకుతుంది.

జిగురు లేకుండా మొత్తం ఒకసారి బిగించి, విప్పండి. క్లాంపులు ఎక్కడ పడతాయో, ఏ ముక్క ముందో అప్పుడే తేలిపోవాలి. మామూలు తెల్ల జిగురు పది నిమిషాల్లో పట్టేస్తుంది, వేడి రోజైతే ఇంకా ముందే. నెమ్మదిగా చేసేవాళ్ళకు చర్మపు జిగురు ద్రవరూపంలో దొరికేది మేలు. ఎక్కువసేపు ఆగుతుంది, ఎప్పుడైనా వేడి, తడి తగిలిస్తే ఊడి వస్తుంది కాబట్టి బాగుచేయడమూ సులువు. ఒక పక్క పలకలోకి పై పలక, అర, కింది పలక ఎక్కించి, రెండో పక్కను మీద నుంచి దించండి. క్లాంపులు తోకల మీదే నొక్కాలి.

వెంటనే రెండు ఐమూల కొలతలు చూడండి. తేడా ఉంటే ఎక్కువ ఉన్న ఐమూల వైపు క్లాంపును కొద్దిగా వంకరగా పెట్టి బిగిస్తే పెట్టె సర్దుకుంటుంది. 1 మి.మీ. తేడా దాకా వదిలేయవచ్చు. అంతకు మించితే తలుపు దగ్గర ఏడిపిస్తుంది. బయటికి వచ్చిన జిగురును తడిగుడ్డతో రుద్దితే అది పోగుల్లోకి దిగి, పాలిష్ వేశాక తెల్ల మచ్చగా తేలుతుంది. రబ్బరులా గట్టిపడ్డాక ఉలితో ఎత్తేయండి.

తలుపు

పెట్టె నోరు 564 × 364 వచ్చిందనుకుందాం. చుట్టూ 1.5 మి.మీ. సందు వదిలితే తలుపు 561 × 361. తలుపంటే నాలుగు పట్టీల చట్రం, దాని గాడుల్లో కూర్చునే నడిమి పలక. నిలువు పట్టీలు 50 వెడల్పు, పై అడ్డ పట్టీ 50, కిందిది 60, మందం 18. నిలువు పట్టీలను రెండు కొసల్లో 20 మి.మీ. చొప్పున పొడవుగా వదిలేయండి. బెజ్జం కొట్టేటప్పుడు కొస చీలకుండా ఆ కొమ్ములు కాస్తాయి, అతికాక కోసేయవచ్చు.

లోపలి అంచులన్నిటికీ 6 మి.మీ. వెడల్పు, 8 లోతు గాడి తీయండి. బెజ్జం కూడా 6 వెడల్పే, మందంలో మూడో వంతు, గాడికి సరిగ్గా నేరుగా. గేజ్‌ను స్కేలుతో కాదు, బెజ్జపు ఉలి మొనకే సరిపెట్టండి. లోతు 30 మి.మీ. ఉలికి ఆ కొలత దగ్గర టేపు చుట్టుకోండి. ఉలి పక్కకు ఒరిగితే తలుపు మెలిపడుతుంది. అందుకే పట్టీకి కొస వైపు నిలబడి, ఉలి నిలువు చూసుకుంటూ కొట్టండి.

అడ్డ పట్టీ కొసన బెజ్జంలో దూరే నాలుక పొడవు 28. బెజ్జంలో 2 మి.మీ. ఖాళీ జిగురుకు. పై పట్టీ నాలుకలో లోపలి వైపు 8 గాడికి పోతుంది, బయటి వైపు 12 మేర నాలుకను 8 మి.మీ. పొడవుకే పొట్టిగా కోయాలి. గాడి పట్టీ కొసదాకా నడిచింది కదా, ఆ పొట్టి ముక్క గాడి చివరను పూడ్చేస్తుంది. అసలు నాలుక 30 వెడల్పు మిగులుతుంది. భుజం గీతను (నాలుక మొదలయ్యే చోటి గీతను) కత్తితో గట్టిగా గీసి, పారేసే వైపు నుంచి ఉలితో చిన్న వాలు గాటు పెడితే రంపం అందులో కూర్చుని పక్కకు జారదు. నాలుక చేత్తో నొక్కితే దిగాలి, పట్టీ ఎత్తితే జారిపోకూడదు.

నడిమి పలక పోగు నిలువుగా ఉండాలి. పట్టీల మధ్య వెడల్పు 261, గాడుల్లోకి 16, మొత్తం 277. అంత కోస్తే ఉబ్బినప్పుడు పట్టీలను తోసి జాయింట్లు విప్పుతుంది. 273 కోయండి. ఎత్తులో గాడి కొలతతో కలిపి 467 వస్తే 466 చాలు, అటు కదలిక లేదు కనుక. గాలి బాగా తేమగా ఉన్న రోజుల్లో పని చేస్తుంటే పలక ఇప్పటికే ఉబ్బి ఉంటుంది, 275 పెట్టవచ్చు. పొడి రోజుల్లో 272కి తగ్గించండి. అంచులు గాడిలో వదులు లేకుండా, బిగువు లేకుండా జరగాలి. తలుపు అతికించకముందే పలకకు పాలిష్ వేయండి. తర్వాత వేస్తే పలక ముడుచుకున్నప్పుడు అంచున పాలిష్ తగలని గీత బయటపడుతుంది. పలకకు జిగురు చుక్క కూడా తగలకూడదు.

మడతబందులు 50 మి.మీ. ఇత్తడివి రెండు. వాటి రేకు మందమంత లోతే గుంట తీయాలి. ఎక్కువ తవ్వితే తలుపు మూసేటప్పుడు ఎగదన్నుతుంది. ఇత్తడి స్క్రూ గట్టి చెక్కలో తల తెగిపోతుంది. ముందు రంధ్రం వేసి, అదే కొలత ఇనప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసి, ఇత్తడిదానికి మైనం రాసి బిగించండి.

వెనక, వేలాడే పట్టీ, పాలిష్

వెనకకు ఒకే పలక వద్దు. 10 మి.మీ. మందంలో 85 వెడల్పున్న ఐదు నిలువు పలకలు, అంచులు సగం మందం చొప్పున 8 మి.మీ. ఒకదానిమీదొకటి ఎక్కేలా, మధ్యలో 1.75 సందులతో పెడితే సరిగ్గా 400 వస్తుంది. ఒక్కో పలకకు వెడల్పు మధ్యలో పైన ఒక స్క్రూ, కింద ఒకటి. అంచుల్లో బిగిస్తే చీలుతుంది. పై పలక లోపలి ముఖం కింద 18 × 50 పట్టీ ఒకటి, పోగు అదే దిక్కుకు ఉండేలా జిగురుతో అతికించి, దాని గుండానే గోడకు స్క్రూలు వేయండి. వెనక పలకల గుండా మాత్రమే వేలాడదీస్తే బరువంతా ఆ చిన్న స్క్రూలదే అవుతుంది.

అవిసె నూనె పాలిష్ వాడితే తుడిచిన గుడ్డను ముద్దచేసి మూలన పడేయకండి. ఆరేటప్పుడు తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి, ఆరుబయట ఒంటి పొరగా ఆరబెట్టి, కరకరలాడేదాకా ఎండాక పారేయండి.